అంతా ఇటు, లేదంటే అంతా అటు: సంపూర్ణ ప్రత్యామ్నాయాల లెక్క

బ్రెజిల్‌లో కారు నడిపే చాలామందికి నోటికి వచ్చిన లెక్క ఒకటుంది. బంకులో పెట్రోల్ ధర చూస్తారు, పక్కనే చెరకు నుంచి తీసే ఇథనాల్ ధర చూస్తారు. అక్కడి చాలా కార్లు రెండిటితోనూ నడుస్తాయి. ఇథనాల్ ధర పెట్రోల్ ధరలో 70 శాతం కన్నా తక్కువుంటే ఇథనాల్ పోయించుకుంటారు, ఎక్కువుంటే పెట్రోల్. వాళ్లంతా ఎకనామిక్స్ చదివినవాళ్లు కాదు. కానీ మన డిగ్రీ పిల్లల్ని పరీక్ష హాల్లో టెన్షన్ పెట్టే ఒక ప్రశ్నకు వాళ్లు బంకు దగ్గర అర నిమిషంలో జవాబు చెప్పేస్తారు: రెండు వస్తువులు సంపూర్ణ ప్రత్యామ్నాయాలైతే, అంటే ఒకదాని బదులు రెండోది ఎప్పుడూ ఒకే రేటున సరిపోతే, వినియోగదారుడు ఏది ఎంత కొంటాడు?

ఈ ప్రశ్న దగ్గర విద్యార్థులు తడబడటంలో వాళ్ల తప్పు పెద్దగా లేదు. ఇంటర్ నుంచీ వాళ్లు చూసేది ఒకటే బొమ్మ. వంపు తిరిగిన ఉదాసీనతా వక్రరేఖ (సమాన తృప్తినిచ్చే కలయికల గీత), దాన్ని ఒక్క చోట తాకుతూ వెళ్లే బడ్జెట్ రేఖ (ఉన్న డబ్బంతా పెడితే కొనగలిగే కలయికల గీత), ఆ తాకిన చోట సమతౌల్యం, అంటే వినియోగదారుడు ఎంచుకునే కలయిక. రెండు రేఖల వాలు అక్కడ సమానం అని రాస్తే మార్కులు పడతాయి. సంపూర్ణ ప్రత్యామ్నాయాల విషయంలో అలా తాకే చోటే ఉండదు. అలవాటైన సూత్రం వేస్తే అర్థం లేని సమీకరణం వస్తుంది. సూత్రం వెనకున్న ఆలోచన పట్టుకుంటే మాత్రం, వినియోగదారుని సిద్ధాంతం మొత్తంలో ఇంతకన్నా తేలికైన లెక్క ఇంకోటి లేదని నా నమ్మకం.

వంపు ఎందుకు వస్తుంది

ముందు మామూలు బొమ్మ చూద్దాం. ఒక మనిషికి సమానమైన తృప్తినిచ్చే కలయికలన్నిటినీ కలుపుతూ గీసిన గీతే ఉదాసీనతా వక్రరేఖ. ఆ గీత మీద ఏ బిందువు ఇచ్చినా ఆ మనిషి 'ఏదైనా ఫర్వాలేదు' అంటాడు. 1881లో ఎడ్జ్‌వర్త్ అనే ఆర్థికవేత్త ఈ గీతల్ని అర్థశాస్త్రంలోకి తెచ్చాడు. తృప్తిని కొలవాల్సిన పని లేదని, ఈ గీతలతోనే లెక్క మొదలుపెట్టొచ్చని ఆ తర్వాత పరేటో చూపించాడు. 1934లో హిక్స్, అలెన్ కలిసి రాసిన వ్యాసంతో ఇప్పుడు మనం చదువుకునే రూపం వచ్చింది.

పొద్దున్నే ఒకాయన ముందు ఆరు ఇడ్లీలున్నాయి, గారెలు లేవు. ఒక గారె కోసం రెండు ఇడ్లీలైనా వదులుకుంటాడు. గారె చేతికొచ్చాక రెండో గారె కోసం ఒక ఇడ్లీ వదలమంటే ఆలోచిస్తాడు. మూడో గారెకి అర ఇడ్లీ కూడా ఇవ్వడేమో. ఒకటి పెరిగేకొద్దీ దాని కోసం రెండోదాన్ని వదులుకునే ఇష్టం తగ్గుతుంది. ఉపాంత ప్రతిస్థాపన రేటు తగ్గడమంటే ఇదే. ఇది తగ్గుతుంది కాబట్టే గీత మూలబిందువు వైపు కుంభాకారంగా వంగుతుంది. బడ్జెట్ రేఖ దాన్ని మధ్యలో ఎక్కడో తాకి, ఆయన రెండూ కొంచెం కొంచెం కొనుక్కోవడానికి కారణం కూడా ఆ వంపే.

ఇప్పుడు ఆ వంపు తీసేయండి. రెండో వస్తువు ఎంత ఉన్నా, మొదటిది ఎంత ఉన్నా, మార్పిడి రేటు మారదనుకోండి. వక్రరేఖ కాస్తా సరళరేఖ అవుతుంది. సంపూర్ణ ప్రత్యామ్నాయాలు అంటే ఇంతే. రేటు ఒకటికి ఒకటే ఉండాలన్న నియమం లేదు. చాలామంది పొరపడేది ఇక్కడే. ఒక 500 నోటుకి ఐదు వంద నోట్లు సమానం. ఇక్కడ రేటు ఒకటికి ఐదు, అయినా అవి సంపూర్ణ ప్రత్యామ్నాయాలే. రేటు ఎంత అన్నది కాదు, గీత పొడవునా అది ఒకేలా ఉందా లేదా అన్నదే చూడాలి.

ఇంకో తేడా కూడా గమనించాలి. మామూలు వక్రరేఖలు సాధారణంగా అక్షాల దగ్గరికి వెళ్తాయి కానీ వాటిని తాకనట్టే గీస్తాం. ఒక వస్తువు బొత్తిగా లేకుండా రెండోదానితోనే సరిపెట్టుకోవడం కష్టమని దాని అర్థం. సంపూర్ణ ప్రత్యామ్నాయాల గీతలు రెండు అక్షాలనూ తాకుతాయి. పెట్రోల్ సున్నా అయినా కారు ఆగదు, ఇథనాల్ ఉంటే చాలు.

126 రియాల్‌లతో బంకు దగ్గర

బ్రెజిల్ కారు దగ్గరికే వద్దాం. దాని మీద లెక్క చేస్తే దాచిపెట్టడానికేమీ ఉండదు. మన కారు లీటరు పెట్రోల్‌కు 10 కిలోమీటర్లు, లీటరు ఇథనాల్‌కు 7 కిలోమీటర్లు ఇస్తుందనుకుందాం. ఇథనాల్‌లో శక్తి తక్కువ, లీటరుకు లీటరు చూస్తే శుద్ధమైన పెట్రోల్‌లో మూడింట రెండు వంతులే. అయితే అక్కడ పెట్రోల్ పేరుతో అమ్మేదాంట్లోనూ నాలుగో వంతుకు పైగా ఇథనాల్ కలిసే ఉంటుంది కాబట్టి రెండిటి మధ్య తేడా కాస్త తగ్గి, 0.7 అన్న లెక్క స్థిరపడింది. డ్రైవర్‌కు కావాల్సింది కిలోమీటర్లు. అవి ఏ ద్రవం వల్ల వచ్చాయన్నది ఆయనకు పట్టదు.

అడ్డం అక్షం మీద పెట్రోల్ లీటర్లు, నిలువు అక్షం మీద ఇథనాల్ లీటర్లు పెడదాం. 210 కిలోమీటర్లు వెళ్లాలంటే 21 లీటర్ల పెట్రోల్ చాలు. లేదా 30 లీటర్ల ఇథనాల్. లేదా 14 లీటర్ల పెట్రోల్‌తో పాటు 10 లీటర్ల ఇథనాల్. ఈ బిందువులన్నీ ఒకే సరళరేఖ మీదుంటాయి. దాని వాలు 10/7, అంటే సుమారు 1.43. ఒక లీటరు పెట్రోల్ తీసేసుకుంటే 1.43 లీటర్ల ఇథనాల్ ఇస్తే తప్ప డ్రైవర్ ఒప్పుకోడు, అంతకన్నా ఎక్కువా అడగడు. 300 కిలోమీటర్ల రేఖ గీసినా వాలు అదే, దూరంగా ఉన్న ఇంకో సమాంతర రేఖ అంతే.

ఇక జేబు వైపు. డ్రైవర్ దగ్గర 126 రియాల్‌లున్నాయి (రియాల్ అంటే బ్రెజిల్ కరెన్సీ). పెట్రోల్ లీటరు 6, ఇథనాల్ 4 అనుకుందాం. మొత్తం పెట్రోల్‌కే పెడితే 21 లీటర్లు, మొత్తం ఇథనాల్‌కే పెడితే 31.5 లీటర్లు. ఈ రెండు బిందువుల్నీ కలిపితే బడ్జెట్ రేఖ. దాని వాలు 6/4, అంటే 1.5. బజారు చెప్పే మార్పిడి రేటు ఇదే: ఒక లీటరు పెట్రోల్ వదులుకుంటే 1.5 లీటర్ల ఇథనాల్ దొరుకుతుంది.

డ్రైవర్ అడిగేది 1.43. బజారు ఇచ్చేది 1.5. మొదటి లీటరు పెట్రోల్ వదులుకుంటే లాభం. రెండోది వదులుకున్నా అంతే లాభం, మూడోదానికీ అంతే, ఎందుకంటే ఆయన రేటూ మారదు, బజారు రేటూ మారదు. ఒక్క లీటరు విషయంలో లాభమైన మార్పిడి చివరి లీటరు దాకా లాభమే. కాబట్టి నిలువు అక్షం తగిలేదాకా ఆగడు. మొత్తం 31.5 లీటర్లూ ఇథనాలే, 220.5 కిలోమీటర్లు. అంతా పెట్రోల్ కొట్టించి ఉంటే 210తో సరిపెట్టుకోవాల్సొచ్చేది. డబ్బు సగం సగం పెట్టి ఉంటే 215.25. రెండూ కొంచెం కొంచెం కొనడం మధ్యేమార్గంలా వినిపిస్తుంది కానీ ఇక్కడ అది నష్టం.

ఇథనాల్ ధర 4.50కి పెరిగిందనుకోండి. బజారు రేటు 6/4.5, అంటే 1.33. డ్రైవర్ అడిగే 1.43 కన్నా తక్కువ. అంతా తిరగబడుతుంది. 126 రియాల్‌లకు 28 లీటర్ల ఇథనాల్, 196 కిలోమీటర్లు మాత్రమే. పెట్రోల్ ఎప్పటిలా 210 ఇస్తుంది. జవాబు అడ్డం అక్షం మీది మూలకు వెళ్లిపోయింది.

మరి సరిగ్గా 4.20 అయితే? 6కి 70 శాతం. బడ్జెట్ రేఖ, 210 కిలోమీటర్ల ఉదాసీనతా రేఖ ఒకదాని మీద ఒకటి పడిపోతాయి. ఆ రేఖ మీద ఏ బిందువైనా సరైన జవాబే. 'సమతౌల్యం ఎక్కడ?' అని అడిగితే 'ఎక్కడైనా' అనడం తప్పించుకోవడం కాదు, అదే అసలు సమాధానం. పరీక్షలో విద్యార్థులు ఈ ఒక్క సందర్భాన్నే మర్చిపోతుంటారు, మార్కులూ అక్కడే పోతాయి.

వాలు, అక్షం, ఏది నిటారుగా ఉంది అన్న గందరగోళంలో పడకుండా ఇదే లెక్కని ఇంకోలా చేయొచ్చు. ఒక రియాల్‌కు ఎన్ని కిలోమీటర్లు? పెట్రోల్‌కు 10/6, అంటే 1.67. ఇథనాల్‌కు 7/4, అంటే 1.75. ఎక్కువిచ్చేదానికే మొత్తం డబ్బు. విద్యార్థులకు నేను గట్టిగా చెప్పేది ఇదే: ఉపాంత ప్రతిస్థాపన రేటు ధరల నిష్పత్తికి సమానం అన్న సూత్రంతో మొదలుపెట్టకండి, రూపాయికి ఎంత వస్తుందో చూడండి. ఆ సూత్రం కూడా దీన్నుంచే పుట్టింది. వంపున్న చోట డబ్బు అటూ ఇటూ మారుతుంటే రూపాయికొచ్చే తృప్తి రెండు వస్తువుల్లోనూ సమానమయ్యే చోటు వస్తుంది, అక్కడ ఆగుతాం. సరళరేఖల్లో, పైన చూసిన 4.20 లాంటి ఒక్క సందర్భంలో తప్ప, అది సమానం కాదు. అందుకే ఆగే చోటు అక్షమే.

ఇంకో సందేహం తరచూ వస్తుంది: ఈ 10, 7 తృప్తికి కొలతలా? కావు. కిలోమీటర్లను రెట్టింపు చేసి 20, 14 అని రాసినా, మొత్తాన్ని వర్గం చేసినా అవే గీతలు వస్తాయి, అదే జవాబు వస్తుంది. నిర్ణయించేది 10కి 7కి ఉన్న నిష్పత్తి ఒక్కటే. కొలవకుండానే లెక్క చేయొచ్చని పరేటో అన్నదానికి ఇది చక్కటి ఉదాహరణ.

ధర తగ్గితే ఏ ప్రభావం ఎంత

ధర మారినప్పుడు కొనుగోలులో వచ్చే మార్పును ప్రత్యామ్నాయ ప్రభావం (చవకైనదాని వైపు మళ్లడం), ఆదాయ ప్రభావం (అదే డబ్బుతో ఎక్కువ కొనగలగడం) అని విడదీస్తాం. సంపూర్ణ ప్రత్యామ్నాయాల్లో మార్పంతా ప్రత్యామ్నాయ ప్రభావమే అని నోట్సుల్లో కొట్టేసినట్టు రాసేస్తుంటారు. అది సగం నిజం.

ఇథనాల్ 4.50 నుంచి 4కి తగ్గింది. డ్రైవర్ సున్నా లీటర్ల నుంచి 31.5 లీటర్లకు దూకాడు. హిక్స్ పద్ధతిలో, పాత తృప్తిని అంటే 210 కిలోమీటర్లను కొత్త ధరల్లో అతి తక్కువ ఖర్చుతో ఎలా అందుకోవచ్చో చూడాలి. 30 లీటర్ల ఇథనాల్, 120 రియాల్‌లు. కాబట్టి సున్నా నుంచి 30 వరకు ప్రత్యామ్నాయ ప్రభావం. మిగిలిన 6 రియాల్‌లతో వచ్చిన 1.5 లీటర్లు ఆదాయ ప్రభావం.

ఇప్పుడు ఇథనాల్ 4 నుంచి 3.60కి ఇంకా తగ్గింది. 126 రియాల్‌లకు 35 లీటర్లు. ఈ 3.5 లీటర్ల పెరుగుదలలో ప్రత్యామ్నాయ ప్రభావం సున్నా. ఎందుకంటే మారడానికి పెట్రోల్ ఏమీ మిగల్లేదు, అంతా ముందే మారిపోయింది. మొత్తం ఆదాయ ప్రభావమే. అదే సమయంలో పెట్రోల్ 6 నుంచి 7కి పెరిగిందనుకోండి, ఈ డ్రైవర్‌కు చీమ కుట్టినట్టైనా ఉండదు. కొనని వస్తువు ధర ఎంత పెరిగితే ఆయనకేం?

అందుకే డిమాండ్ రేఖ ఆకారం కూడా వింతగా ఉంటుంది. ఇథనాల్ ధర 4.20కి పైనున్నంతసేపు డిమాండ్ సున్నా. సరిగ్గా 4.20 దగ్గర సున్నా నుంచి 30 లీటర్ల దాకా ఏదైనా కావచ్చు, అంటే అక్కడ రేఖ అడ్డంగా సాగుతుంది. ఆ కింద ఆదాయాన్ని ధరతో భాగిస్తే వచ్చే మామూలు వంపు.

ప్రత్యామ్నాయాలు తయారవుతాయి

పుస్తకాల్లో చెప్పని విషయం ఒకటుంది, నాకు అన్నిటికన్నా ఆసక్తిగా అనిపించేది కూడా అదే. పెట్రోల్, ఇథనాల్ వాటంతటవే ప్రత్యామ్నాయాలు కావు. 1970ల చమురు సంక్షోభం తర్వాత, 1975లో బ్రెజిల్ ప్రభుత్వం ప్రోఅల్కూల్ అనే ఇథనాల్ కార్యక్రమం మొదలుపెట్టింది. 1980ల మధ్యకల్లా అక్కడ అమ్ముడయ్యే కొత్త కార్లలో అత్యధికం ఇథనాల్‌తో మాత్రమే నడిచేవి. అలాంటి కారు కొన్నవాడికి పెట్రోల్ ఎంత చవకైనా ఉపయోగం లేదు. ఆయన ఉదాసీనతా రేఖలు అడ్డంగా పడుకున్న గీతలు: ఇథనాల్ పెరిగితేనే తృప్తి, పెట్రోల్ ఉన్నా లేకపోయినా ఒకటే. 1989–90లో ఇథనాల్ కొరత వచ్చినప్పుడు ఆ కార్ల యజమానులు బంకుల దగ్గర క్యూలు కట్టారు. చేతిలో డబ్బుంది, పక్కనే పెట్రోల్ ఉంది, అయినా ఆ పెట్రోల్ వాళ్లకు పనికిరాదు. ఆ దెబ్బతో జనానికి ఇథనాల్ కార్ల మీద నమ్మకం పోయింది.

2003 మార్చిలో ఫోక్స్‌వాగన్ తన గోల్ కారును ఫ్లెక్స్ ఇంజిన్‌తో బ్రెజిల్‌లో విడుదల చేసింది. ట్యాంకులో ఏది పోసినా, ఏ పాళ్లలో కలిపినా ఇంజిన్ సర్దుకుంటుంది. తర్వాత మిగతా కంపెనీలూ అదే దారి పట్టాయి. ఇంధనాలు అవే, మనుషులు వాళ్లే. మధ్యలో ఒక యంత్రం మారడంతో అడ్డంగా ఉన్న గీతలు ఏటవాలు గీతలయ్యాయి. అంతకుముందు ఇంధనం ఎంచుకోవడం కారు కొన్న రోజుతో అయిపోయేది. ఇప్పుడు బంకుకు వెళ్లిన ప్రతిసారీ కొత్తగా ఎంచుకోవచ్చు.

దీని ప్రభావం డ్రైవర్ల దగ్గరే ఆగలేదు. అక్కడ చెరకు నుంచి చక్కెరా చేస్తారు, ఇథనాలూ చేస్తారు. ప్రపంచ మార్కెట్లో చక్కెర ధర పెరిగితే మిల్లులు చెరకును అటు మళ్లిస్తాయి, ఇథనాల్ ధర పెరుగుతుంది. కానీ రోడ్ల మీద ఫ్లెక్స్ కార్లే ఎక్కువయ్యాక ఆ పెరుగుదలకు ఒక అడ్డు వచ్చింది. పెట్రోల్ ధరలో 70 శాతం దాటితే జనం గుంపులుగా పెట్రోల్ వైపు వెళ్లిపోతారని అమ్మేవాళ్లకూ తెలుసు.

మరి అందరూ అలాగే చేస్తారా

2009 చివర, 2010 మొదట్లో చక్కెర ధరలు పెరగడంతో బ్రెజిల్‌లో ఇథనాల్ ధర ఆ 70 శాతం హద్దును దాటింది. అప్పుడు డ్రైవర్లు ఏం చేశారో అల్బెర్టో సాల్వో, క్రిస్టియన్ హ్యూస్ అనే ఆర్థికవేత్తలు బంకుల దగ్గరే గమనించారు. 2013లో ప్రచురించిన వాళ్ల పరిశోధన ప్రకారం, కిలోమీటరుకయ్యే ఖర్చులో పెట్రోల్ 20 శాతం ఎక్కువ పడుతున్నప్పుడు కూడా దాదాపు 20 శాతం మంది పెట్రోలే పోయించుకున్నారు. ఇథనాల్ 20 శాతం ఎక్కువ పడుతున్నప్పుడు కూడా దాదాపు అంతమంది ఇథనాల్ వదల్లేదు.

సిద్ధాంతం తప్పని దీనర్థం కాదు. రెండు వస్తువులు సంపూర్ణ ప్రత్యామ్నాయాలు అన్న మాట వస్తువుల గురించి చెప్పేది కాదు, కొనే మనిషి గురించి చెప్పేది. కిలోమీటర్లు మాత్రమే చూసేవాడికి అవి సంపూర్ణ ప్రత్యామ్నాయాలు. ఇథనాల్‌తో ట్యాంకు త్వరగా ఖాళీ అవుతుంది, మాటిమాటికీ బంకుకు వెళ్లాలి అని విసుక్కునేవాడికి కావు. చెరకు ఇంధనం పర్యావరణానికి మంచిదని నమ్మేవాడికీ కావు. వాళ్ల గీతలకు వేరే వాలు ఉంటుంది, లేదా కొంచెం వంపు ఉంటుంది. ఎదుటివాడి గీత మనకు కనపడదు. ధర మారినప్పుడు ఆయన ఏం చేశాడో చూసి ఊహించాలి, అంతే.

మన దగ్గర ఈ లెక్క వేయాలంటే ఒక ఇబ్బంది ఉంది. మన బంకుల్లో పెట్రోల్‌లో 20 శాతం ఇథనాల్ కలిపి ఇస్తున్నారు, 2025 నాటికి దేశమంతా ఈ20కి వచ్చేసింది. అక్కడ రెండు గొట్టాలు, మనకు చాలాచోట్ల ఒకటే గొట్టం. కలయికను కొనేవాడు ఎంచుకోడు, ముందే ఎంచి పెడతారు. బడ్జెట్ రేఖ మీద మనకు మిగిలింది ఒక్క బిందువే. ఇథనాల్‌లో మూడో వంతు శక్తి తక్కువ కాబట్టి 20 శాతం కలిపితే మొత్తం మీద 6, 7 శాతం శక్తి తగ్గుతుంది. ఈ10కి సర్దిన పాత కార్ల మైలేజీ 6–7 శాతం, ద్విచక్ర వాహనాలది 3–4 శాతం తగ్గొచ్చని 2021లో నీతి ఆయోగ్ రోడ్‌మ్యాప్‌లోనే రాశారు. మైలేజీ 6 శాతం తగ్గిన కారు యజమాని మునుపటి ఉదాసీనతా రేఖ మీదే ఉండాలంటే లీటరు ధర కూడా దాదాపు 6 శాతం తగ్గాలి. ధర తగ్గకపోతే ఆయన కింది రేఖకు జారినట్టే. దిగుమతి ఖర్చు, చెరకు రైతుల ఆదాయం లాంటి వాదనలు వేరే ఉన్నాయి, వాటిని తీసిపారేయలేం. కానీ కొనేవాడి వైపు నుంచి చూస్తే లెక్క ఇంతే, దాన్ని దాచకుండా చెప్పాలి.

కిరాణా కొట్లో మాత్రం ఈ లెక్క మనకూ అందుబాటులోకి వచ్చింది. ఒకే బ్రాండ్ నూనె లీటరు ప్యాకెట్టు, ఐదు లీటర్ల డబ్బా సంపూర్ణ ప్రత్యామ్నాయాలకు మంచి ఉదాహరణ, రేటు ఒకటికి ఐదు. ప్యాకెట్ల సరుకుల నిబంధనలకు 2021లో చేసిన సవరణతో, ఎంఆర్‌పీతో పాటు గ్రాముకో కిలోకో, మిల్లీలీటరుకో లీటరుకో ఎంత పడుతుందో కూడా ముద్రించాల్సి వచ్చింది. బ్రెజిల్ డ్రైవర్ మనసులో వేసుకునే భాగహారం ఇక్కడ ప్యాకెట్ మీదే వేసి ఉంటుంది. పెద్దది ఎప్పుడూ చవకే అనుకుని చూడకుండా తీసుకోకండి. షాంపూ విషయంలో సీసా కన్నా సాషేల్లోనే మిల్లీలీటరు చవగ్గా పడటం మన దగ్గర కొత్తేమీ కాదు. ఇంకోవైపు, డబ్బా చవకని తెలిసినా రోజుకూలీ మీద బతికే ఇంట్లో దాన్ని కొనలేకపోవచ్చు. ఐదు లీటర్లకు సరిపడా డబ్బు ఒకేసారి చేతిలో ఉండదు, డబ్బాలో ఐదో వంతు అమ్మరు. బొమ్మలో మూల కనిపిస్తూనే ఉంటుంది, వాళ్ల బడ్జెట్ రేఖ అక్కడిదాకా వెళ్లదు.

ఒక్కో మనిషి డిమాండ్ ఇలా ఒక్కసారిగా దూకేస్తుంటే మార్కెట్ మొత్తం డిమాండ్ రేఖ ఎందుకంత నున్నగా ఉంటుందన్న ప్రశ్న మిగిలింది. ఒక పాత కారుకు హద్దు 0.68 దగ్గరుంటుంది, ఇంకో కొత్త ఇంజిన్‌కు 0.73 దగ్గర. ఇథనాల్ అంటే కాస్త ఇష్టమున్న డ్రైవర్ 0.75 దాకా ఆగుతాడు. ధర కొంచెం కొంచెం పెరిగేకొద్దీ వీళ్లు ఒకరి తర్వాత ఒకరు మారుతుంటారు, ప్రతి ఒక్కరూ తమ హద్దు దగ్గర పూర్తిగానే మారతారు. లక్షల మంది దూకుళ్లను కూడితే వచ్చేది నెమ్మదిగా దిగే గీతే. ఆ గీతను చూసి, ప్రతి కొనుగోలుదారూ రెండూ కొంచెం కొంచెం కొంటున్నాడని అనుకోవడానికి వీల్లేదు.